కురిడీ అటక

నల్ల కోటు తొడిగించి, ఫోటో తీయించి, చేతిలో ఒక మందపాటి కార్డు పెట్టి, "కింద సంతకం పెట్టేసెయ్ దుర్గా, ఆదివారానికి అచ్చయిపోవాలి" అని రాజేంద్రప్రసాద్ గారు నవ్విన దగ్గర కదా పోయినవారం మీరు నన్ను వదిలేసి వెళ్ళారు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను, తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. నా పేరు సత్యదుర్గ. మాది కొత్తపేట దగ్గర. వాణి నాన్న పోయిన ఏడాది, నాలుగేళ్ళ పిల్లని మా అక్క సూర్యకాంతం చేతుల్లో పెట్టి బహ్రెయిన్ వెళ్ళాను. ఒక పెద్ద హోటల్లో గిన్నెలు తోమడంతో మొదలుపెట్టి, చివరి ఆరేళ్ళూ వైన్ చూసుకునే పనిలో ఉన్నాను. ఏ సీసా ఏ కూరకి నప్పుతుందో, ఏది పాడైందో, ఏది దాని ఖరీదు చేస్తుందో చెప్పడమే నా పని. పదకొండేళ్ళ తర్వాత, రెండు నెలల క్రితం తిరిగొచ్చాను. ఇక వెళ్ళనని వాణికి మాటిచ్చాను. దానికిప్పుడు పదో తరగతి. రాజోలులో ఒక గది తీసుకుని తల్లీకూతుళ్ళం ఉంటున్నాం. దానికి జడ వేయడం నాకింకా సరిగ్గా రావడం లేదు. దాని జుట్టు నాకు అలవాటు లేదు.

ఆ గదికి ఆధారం ఈ ఉద్యోగం. వైనతేయ నది ఒడ్డున రాజేంద్రప్రసాద్ గారు పెట్టిన 'వైనతేయ వంటిల్లు'లో ఇన్‌చార్జిని. అదేమీ పెద్ద హోటలు కాదు. చెక్క బల్లలు, పైన తాటాకు కప్పు, చేతులు కడుక్కోవడానికి బయట కుళాయి. లుంగీతో వచ్చినా కూర్చోబెడతారు. ఈ ఉద్యోగం పోతే నాకు తెలిసిన పనికి కోనసీమలో ఇంకో చోటు లేదు. బహ్రెయిన్ వాళ్ళు మాత్రం ఎప్పుడొచ్చినా నా చోటు నాకుందన్నారు. అంటే మళ్ళీ విమానం, మళ్ళీ ఫోనులో తల్లి.

ఇక ఆ కార్డు సంగతి.

అందులో ఇరవై రెండు వైన్ పేర్లున్నాయి. కౌంటర్ వెనకాల వెతికితే నాకు దొరికినవి తొమ్మిది. మిగతా పదమూడూ ఏవండీ అంటే, "కార్డు నిండుగా కనపడాలి కదా. అడిగితే ఇప్పుడే అయిపోయిందని చెప్దాం" అన్నారు. ఏడో నంబరూ పదిహేనో నంబరూ ఒకే సీసా. ఒకచోట పేరు తెలుగులో ఉంది, ఇంకోచోట ఇంగ్లీషులో ఉంది, ధరలో మాత్రం ఆరొందలు తేడా. ఏ ఏడాది ద్రాక్షో ఒక్కదానికీ రాయలేదు. రాయకపోగా పక్కన వర్ణనలు. వైను పీపాలు చేసే ఓకు చెక్క పరిమళమట, అడవి రేగు స్పర్శట. ఓకు చెక్క రాజోలులో ఎవరు వాసన చూశారు? ఇంటర్నెట్లో ఎవడో రాసుకున్నది ఎత్తుకొచ్చి ఇక్కడ అతికించారు. పీతల ఇగురుకి చిక్కటి ఎర్ర వైను తాగండి అని సలహా కూడా ఇచ్చారు. మన కారం మీద అది పోస్తే నోరు ఇంకా భగ్గుమంటుంది, పీత రుచీ పోతుంది, వైను రుచీ పోతుంది. రొయ్యల వేపుడుతో కాస్త తీపి ఉన్న తెల్ల వైను చల్లగా తాగితే దానంత హాయి ఇంకోటి లేదు. అది కూడా కార్డులో ఉంది, ధర కూడా న్యాయంగా ఉంది. దాన్ని తీసుకెళ్ళి అన్నిటికన్నా కింద, కొబ్బరినీళ్ళ పక్కన పడేశారు.

బయట షాపులో తొమ్మిదొందలకి దొరికే సీసా ఈ కార్డులో మూడువేల ఎనిమిదొందలు. రెట్టింపు వేసుకుంటే నేను తప్పనను. లైసెన్సుంది, కరెంటుంది, గ్లాసు కడిగే మనిషుంది. నాలుగు రెట్లు పుచ్చుకున్నప్పుడు ఆ డబ్బుకి మనిషికి ఏదో ఒకటి ఇవ్వాలి కదా. కనీసం తాగడానికి పనికొచ్చే వైను ఇవ్వాలి. దీనికంతటికీ అడుగున నా ఫోటో. 'వైన్ ఎంపిక: సత్యదుర్గ, పదకొండేళ్ళ గల్ఫ్ అనుభవం.' ఇందులో నేను ఎంచింది ఒక్కటంటే ఒక్కటి లేదు.

అప్పటికి నేనింకా రుచి చూడలేదు. చూసింది బుధవారం మధ్యాహ్నం.

భోజనాల హడావిడి తగ్గాక, "సంతకం పెట్టేముందు ఒక్కో సీసా తెరిచి చూస్తానండి" అన్నాను. రాజేంద్రప్రసాద్ గారు గొంతు పెంచే మనిషి కాదు. తెల్ల చొక్కా, నుదుటన కుంకుమ, మాట వెంట మాట తేనె పూసినట్టు ఉంటుంది. ఆయన కోపాన్ని ఎవరూ చూడలేదు. నాకేమో అది దాచుకోవడం రాదు.

"ఆయ్, చూడమ్మా. నీ ఇల్లే కదా ఇది" అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

మొదటి సీసా చేతిలోకి తీసుకోగానే అనుమానం వచ్చింది. బిరడా మూతిలోంచి పావంగుళం పైకి లేచి ఉంది. దాని పక్కనుంచి ఏదో కారి, లేబులు మీద బంకలా ఎండింది. సీసాకి పొగ వాసన. వంటింటి పొగ పట్టిందేమో అనుకున్నాను. స్క్రూ తిప్పితే బిరడా పొడి పొడిగా రాలింది. గ్లాసులో పోస్తే మాణిక్యంలా ఉండాల్సింది ఇటుక రంగులో ఉంది. నోట్లో పోసుకుని వెంటనే సింకులో ఉమ్మేశాను. ఉడికిపోయిన చింతపండు రసం, అందులో మాడిన బెల్లం.

రెండోది తెరిచాను. అదే. మూడోది, నాలుగోది, అయిదోది. ఎర్రవన్నీ అలాగే ఉన్నాయి. ఫ్రిజ్‌లో ఉన్న నాలుగు తెల్లవి మాత్రం బాగున్నాయి. అవి కూల్‌డ్రింకులతో పాటు మొదట్నుంచీ ఫ్రిజ్‌లోనే ఉన్నాయట.

"ఎన్నాళ్ళ నుంచి అమ్ముతున్నారండీ ఈ ఎర్రవి?"

"పోయిన దసరా నుంచి."

"ఎవరూ ఏమీ అనలేదా?"

"ఎందుకనలేదు. అందరూ బాగుందన్నారు." కౌంటరు మీదున్న పుస్తకం తెరిచి నా ముందు పెట్టారు. అతిథులు అభిప్రాయాలు రాసే పుస్తకం. పేజీ తర్వాత పేజీ. వైన్ చాలా బాగుందండి. మీ మర్యాద మరువలేం. వైన్ అద్భుతం, మళ్ళీ వస్తాం.

అది చదువుతుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన మీద కాదు, మా వాళ్ళందరి మీదా. పెళ్ళిలో సాంబారు పులిసిపోయినా బాగుందండీ అంటాం. చుట్టాలింట్లో కాఫీలో పంచదార బదులు ఉప్పు పడినా గుటక వేసి బాగుందండీ అంటాం. ఎదుటివాడి మనసు నొచ్చుకోకూడదు, అదీ మన మర్యాద. ఆ మర్యాదని చూసి పరాయి ఊళ్ళో ఎంత గర్వపడ్డానో నాకే తెలుసు. ఇప్పుడు దాన్ని పుస్తకంగా కుట్టి నా ముందు పెట్టారు. ఏడాది పాటు జనం పాడైపోయిన దానికి నాలుగు రెట్లు ఇచ్చి, తాగి, మొహం చిట్లించుకుని, పెన్ను తీసుకుని అద్భుతం అని రాసి వెళ్ళారు.

"ఇది పాడైపోయిందండీ" అన్నాను. "వెనిగరులా అయిపోయింది. ఎవరికీ పోయకూడదు."

"వాళ్ళకి బాగుంది, నీకు బాగోలేదు" అన్నారు ఆయన, నెమ్మదిగానే. "తాగేది వాళ్ళా, నువ్వా?"

"వాళ్ళకి తెలీక బాగుందన్నారు. నాకు తెలుసు. తెలిసిందనే కదండీ నా ఫోటో వేస్తున్నారు."

ఆయన నవ్వు కొంచెం సన్నబడింది. "కోపం తగ్గించుకో దుర్గా. ఆడపిల్లవి, బాగుండదు."

నాకు ముప్పై తొమ్మిదేళ్ళు. పళ్ళు నూరుకుని, మిగతా సరుకు ఎక్కడుందని అడిగాను. మూడొందల సీసాల పైచిలుకు ఉన్నాయట. చాలా భద్రంగా ఉన్నాయట, ఇంట్లోనే, వాళ్ళావిడే స్వయంగా కనిపెట్టుకుని ఉంటున్నారట. చూస్తానన్నాను. ఆయన కాదనలేదు. కాదంటారని నేననుకున్నాను. అప్పుడే నేను జాగ్రత్త పడాల్సింది.

రెస్టారెంటు వెనక కొబ్బరితోట దాటితే వాళ్ళ ఇల్లు. ఆయన భార్య భవానీదేవి గారు నెత్తికి తువ్వాలు చుట్టుకుని ఎదురొచ్చారు. మంచి మనిషి. నేను వచ్చిన మొదటిరోజు వాణికని పూతరేకులు కట్టి పంపింది ఆవిడే.

"రా అమ్మా, నీకే చూపించాలనుకుంటున్నాను ఎప్పట్నుంచో. నువ్వయితే తెలుసుకుంటావు" అన్నారు, మొహం వెలిగిపోతుండగా.

నన్ను గోదాంలోకి తీసుకెళ్ళారు. నిచ్చెన ఉంది. పైన అటక. కింద మూల కొబ్బరి డొక్కల నిప్పు పొగ వేసి ఉంది. నిచ్చెన ఎక్కి తల పైకి పెట్టాను. ఎండకి కాలిన రేకు కప్పు, దాని కింద పొయ్యిలో తల పెట్టినట్టు వేడి. అటక నిండా కురిడీ కాయలు. వాటి మధ్యలో, కాయలకి ఆనించి, వరసగా పడుకోబెట్టిన వైను సీసాలు.

కురిడీ అంటే ఈ ప్రాంతం కానివాళ్ళకి తెలియకపోవచ్చు. బాగా ముదిరిన కొబ్బరికాయల్ని అటక మీద పది, పన్నెండు నెలలు ఉంచేస్తారు. కింద పొగ వేస్తారు. లోపలి నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి చిప్ప నుంచి విడిపోయి, గుండ్రటి బంతిలా తయారవుతుంది. ఊపితే గలగలలాడుతుంది. అప్పుడు అంబాజీపేట మార్కెట్‌కి తీసుకెళితే పచ్చికాయకన్నా ఎన్నో రెట్లు పలుకుతుంది. ఎంత ఓపిక పడితే అంత ధర. ఈ ఇంట్లో నాలుగు తరాలుగా అదే పని.

భవానీదేవి గారు నా వెనకే నిచ్చెన ఎక్కి, ఒక సీసా తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపారు.

"వారానికోసారి ఇలా చూస్తున్నానమ్మా. గలగల ఇంకా రాలేదు. మా ఆయనేమో తొందరపడి కిందకి దించేస్తున్నారు. ఇంకో ఏడాది ఉంచితే ఎంత పలుకుతుందో కదా."

ఎవరి మీద అరవను? ఆవిడ తువ్వాలు కొసతో ఒక్కో సీసా మీదా దుమ్ము తుడిచి పెట్టారు. పడుకోబెట్టారు. చీకట్లో పెట్టారు. కన్నబిడ్డల్లా చూసుకున్నారు. చూసుకుని చూసుకుని మూడొందల సీసాల్నీ ఏడాదిన్నర పాటు ఉడకబెట్టారు.

కిందకి దిగాక అడిగాను. "ఇలా పెట్టమని ఎవరు చెప్పేరండీ మీకు?"

ఆవిడ భర్త వైపు చూశారు. ఆయన జేబులోంచి ఫోను తీశారు. తీరిగ్గా వెతికారు. అది ఆయన ముందే వెతికి పెట్టుకున్నారని నాకు అప్పుడర్థమైంది. నన్ను అటక దాకా రానిచ్చింది అందుకే.

ఫోనులోంచి నా గొంతు వచ్చింది. రెండేళ్ళ క్రితం నేను పంపిన వాయిస్ మెసేజి.

"నమస్తే ప్రసాద్ గారూ, దుర్గనండి, బహ్రెయిన్ నుంచి. మీరు అడిగింది చెప్తున్నానండి. వైన్ సీసాలు వెలుతురు తగలకుండా చీకట్లో పెట్టాలండి. నిలబెట్టకండి, పడుకోబెట్టండి, బిరడా ఎండిపోకూడదు. అలా ఉంచితే ఎర్ర వైను ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకా బాగవుతుందండి. తొందరపడి అమ్మేయకండి. ఇంకో మాటండి..."

అక్కడ ఆయన వేలితో నొక్కి ఆపేశారు.

"చీకటి. పడుకోబెట్టడం. ఏళ్ళు గడవడం" అన్నారు వేళ్ళు మడుస్తూ. "ఇందులో మేం చెయ్యనిదేదో చెప్పు."

చల్లగా. ఆ ఒక్క మాట చెప్పలేదు నేను. బహ్రెయిన్లో వైన్ గదిలోకి వెళ్ళేటప్పుడు స్వెట్టరు వేసుకునేదాన్ని. ఆ చలి నా పనిలో భాగం. సీసాలు చల్లగా ఉండాలని ఒకరికి చెప్పాల్సి వస్తుందని నాకు తోచనే లేదు. కోనసీమలో పుట్టి, కురిడీ పొగ వాసనలో పెరిగి, ఇక్కడ చీకటీ ఓపికా అంటే మనిషి ముందు ఏ అటక వైపు చూస్తాడో నాకు తెలియదా? మర్చిపోయాను. పదకొండేళ్ళలో నా ఊరే నాకు పరాయిదైపోయింది. నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

"తప్పు నాదే అండి" అన్నాను భవానీదేవి గారితో. "చల్లగా పెట్టమని చెప్పలేదు. వేడికి పాడైపోయేయి."

ఆవిడ చేతిలో సీసా వైపు చూసుకున్నారు. "అన్నీనా?" అన్నారు. ఆ తర్వాత ఆ సీసాని నేల మీద నెమ్మదిగా పడుకోబెట్టారు. నిలబెట్టొచ్చు ఇప్పుడు, కానీ ఆవిడకి నేను చెప్పిందే గుర్తుంది.

రాజేంద్రప్రసాద్ గారు నన్ను తోటలోకి నడిపించుకొచ్చారు. ఎర్రవన్నీ పారబోద్దామన్నాను. బాగున్న నాలుగు తెల్ల వైన్లతో చిన్న కార్డు వేద్దాం, ధర రెట్టింపుకి మించొద్దు, పక్కన ఏ వేపుడుకి ఏది బాగుంటుందో మన మాటల్లో నేను రాస్తాను, నా ఫోటో అప్పుడు వేసుకోండి అన్నాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"నాలుగు పేర్లతో కార్డేంటమ్మా, టీ బడ్డీకా? ఉన్న సరుకు అయిపోయేదాకా పోద్దాం. తర్వాత నువ్వు చెప్పినట్టే చల్లగా పెడదాం. తప్పు నీదైనా నిన్ను ఒక్క మాట అన్నానా నేను? నువ్వూ అలాగే మర్యాదగా సంతకం పెట్టు. పెట్టలేనంటే నీ ఇష్టం. వాణి పరీక్షలయ్యేదాకానైనా ఉంటే బాగుంటుందని నా బాధ."

బెదిరింపుని కూడా బుజ్జగింపులా చెప్పగల మనిషి. కానీ ఎదురు చెబుదామంటే, ఆ మెసేజిలో గొంతు నాది. కార్డు కోటు జేబులో పెట్టుకుని, పెన్ను మూత తీస్తూ హాల్లోకి వచ్చాను. నిజం చెబుతున్నాను, పెట్టేద్దామనే వచ్చాను. గది గుర్తొచ్చింది, జడ గుర్తొచ్చింది.

హాల్లో మూడు బల్లల దగ్గర జనం ఉన్నారు. నది వైపు బల్ల దగ్గర అరవై దాటిన దంపతులు. ఆయన పేరు పెదబాబు అట, ఆవిడ అచ్చాయమ్మ. ఆవిడ కొత్త చీర మడతలు ఇంకా విడలేదు.

"అమ్మా, ఆ ఫోటోలో ఉన్నది నువ్వే కదా" అన్నాడు పెదబాబు. గోడ మీద నమూనా కార్డు అప్పటికే అంటించేశారు. "గల్ఫా? నేనూ అక్కడే. దోహాలో ఇరవయ్యేళ్ళు డ్రైవర్ని. సేట్లని హోటలు దగ్గర దింపి, తెల్లారేదాకా బయట కార్లో కూర్చునేవాణ్ణి. లోపల గాజు గ్లాసుల్లో ఎర్రగా తాగేవోళ్ళు. అద్దాల్లోంచి కనపడేది. ఎలా ఉంటుందో అనుకునేవాణ్ణి."

"ఈ వయసులో ఎందుకండీ అంటే వినరమ్మా" అంది అచ్చాయమ్మ, కొంగు నోటికడ్డం పెట్టుకుని.

"పెళ్ళయి నలభయ్యేళ్ళు ఇవాళ్టికి. ఒక్కసారి ఇద్దరం తాగుదామని వచ్చేం. ఆరింటికి ఆఖరి బస్సు. రెండు గ్లాసులు చాలమ్మా. నీకు ఏది మంచిదనిపిస్తే అది తే. నాకు వాటి సంగతి తెలీదు, నువ్వు చెప్పిందే."

రాజేంద్రప్రసాద్ గారు అప్పటికే కౌంటర్ దగ్గరికి వచ్చేశారు. రెండు గ్లాసుల్లో ఎర్ర వైను ఆయనే పోసి, పళ్ళెంలో పెట్టి, నా చేతికిచ్చారు. గ్లాసు ఆరొందల యాభై. "తీసుకెళ్ళమ్మా. నీ చేత్తో ఇవ్వు, సంతోషిస్తారు" అన్నారు.

తీసుకెళ్ళాను. సిగ్గు లేకుండా తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. పెదబాబు గ్లాసుని కాడ దగ్గర పట్టుకున్నాడు, అద్దాల్లోంచి చూసి నేర్చుకున్నట్టున్నాడు. వెలుతురుకి ఎత్తి చూశాడు. అచ్చాయమ్మ గ్లాసుకి తన గ్లాసు తాకించాడు. ఒక గుక్క తాగాడు. మొహం ఒక్క క్షణం ముడుచుకుని మళ్ళీ విచ్చుకుంది. నా మొహంలోకి చూసి, గుటక మింగి, చెయ్యెత్తి దండం పెట్టినంత మర్యాదగా అన్నాడు.

"బాగుందమ్మా."

ఇరవయ్యేళ్ళు బయట కార్లో కూర్చున్న మనిషి. లోపల తాగేది ఇదా అని తెలుసుకుని, నా మనసు నొచ్చుకోకూడదని బాగుందంటున్నాడు.

"బాగోలేదండి" అన్నాను.

నా గొంతు నేననుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. చెంచాల చప్పుడు ఆగిపోయింది.

"బాగోలేదు. పాడైపోయింది. మీకు తెలుసు, మొహంలో కనపడింది నాకు. ఇంక తాగకండి. అచ్చాయమ్మగారూ, మీరు ముట్టుకోకండి. మీరు ఇన్నేళ్ళూ అద్దాల్లోంచి చూసింది ఇది కాదు. దీన్ని నాలుగు రెట్లకి అమ్ముతున్నారు, నా ఫోటో పెట్టి అమ్ముతున్నారు. తెల్లది ఒకటుంది, చల్లగా ఉంటుంది, రొయ్యల వేపుడుతో తెస్తాను. అది మీ డబ్బుకి తగినది."

రెండు గ్లాసులూ తీసి, వాళ్ళ కళ్ళముందే కిటికీలోంచి బయటికి పారబోశాను. పక్క బల్ల దగ్గర ఒకాయన తన గ్లాసు వైపు చూసుకుని, గొంతు సవరించుకున్నాడు.

"ఆయ్... మాదీ కాస్త పుల్లగానే ఉందండి. వైనంటే ఇలాగే ఉంటుందేమో అనుకున్నాం."

"పోయిన్నెల మేం తాగిందీ అంతేనండి" అంది ఆయన పక్కనున్నావిడ. "బాగోదని చెప్పలేదు."

అప్పుడు వచ్చారు రాజేంద్రప్రసాద్ గారు. కోపంగా కాదు. అందరికీ నమస్కారం పెట్టి, నా పక్కన నిలబడి, ఫోను పైకెత్తి పట్టుకున్నారు.

"సరుకు పాడయిందంటోందండి మా దుర్గ. నిజమే అయ్యుండొచ్చు. ఎవరి సలహాతో పాడయిందో కూడా తెలియాలి కదా మీకు. వినిపించమంటావా దుర్గా?"

కోపం కళ్ళని కమ్మేసినప్పుడు మనిషికి ఎంత ధైర్యమొస్తుందో, అంత మతిమరుపూ వస్తుంది.

"వినిపించండి" అన్నాను. "నా తప్పు నేను ఒప్పుకుంటాను. మొత్తం వినిపించండి. అక్కడ ఆపినట్టు ఇక్కడ ఆపకండి."

ఆయన నొక్కారు. నమస్తే ప్రసాద్ గారూ, దుర్గనండి, బహ్రెయిన్ నుంచి. నా గొంతు హాలంతా వినిపిస్తోంది. బయట ఆటో ఆగిన చప్పుడైంది. అయిదున్నర. ప్రైవేటు క్లాసు అయిపోయి, వాణి భుజాన సంచీతో మెట్లెక్కి వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ గొంతు దానికి నా మొహం కన్నా బాగా తెలుసు. పదకొండేళ్ళు ఆ గొంతుతోనే పెరిగింది.

చీకట్లో పెట్టాలండి. పడుకోబెట్టండి. తొందరపడి అమ్మేయకండి.

ఇంకో మాటండి.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ తర్వాత ఏముందో గుర్తొచ్చింది. మీక్కూడా చెప్పలేదు నేను ఆ సంగతి, ఇన్ని వారాలుగా.

"ఆపండి" అన్నాను. ఆయన చెయ్యి పట్టుకోబోయాను. ఆయన మర్యాదగా ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఉద్యోగం సంగతి అడిగేరు కదండీ" అంటోంది ఫోనులో నేను. "వస్తానండి, కానీ కొన్నాళ్ళకే. పిల్ల పదో తరగతి అయిపోగానే మళ్ళీ ఇక్కడికే వచ్చేస్తాను, ఈ చోటు వదులుకోలేనండి. వాణితో మాత్రం ఇక ఎప్పటికీ వెళ్ళనని చెప్తాను. అలా చెప్తేనే బాగా చదువుతుంది. మీరెప్పుడైనా కనపడితే దాంతో అనకండి. బాగుందని నమ్మనివ్వండి."

మెసేజి అయిపోయింది. వాణి సంచీని భుజం మీంచి దించి దగ్గరున్న బల్ల మీద పెట్టింది. పొద్దున్న నేను వంకరగా వేసిన జడని ముందుకు తీసుకుని, చివర రబ్బరు బ్యాండు లాగేసి, పాయలు విప్పడం మొదలుపెట్టింది.